ఒకవైపు బద్దలు

పుప్పాలగూడ,
మార్చి 9, ఆదివారం.

వదినగారికి పుణ్యవతి నమస్కరించి వ్రాయునది.

మీ మోకాలు ఎలా ఉంది? కుట్లు ఆరాయా? అప్పుడే మెట్లెక్కుతున్నారని శ్రావణి చెప్పింది, ఎందుకండీ అంత తొందర? మీ అబ్బాయి శ్రీనివాసుకి షుగరు తగ్గిందా? మీ కోడలికి నడుం నొప్పి ఇంకా వస్తోందా? శ్రావణి కళ్ల కింద నలుపు నాకు నచ్చలేదు, మనవరాలు కదా, మీరు చెబితే వింటుంది, ఒకసారి రక్తపరీక్ష చేయించండి. ఇక్కడ మా శ్యామ్ బాగానే ఉన్నాడు గాని కడుపులో గ్యాసు. కోడలు దివ్యకి పొద్దస్తమానం కంప్యూటరు చూసి తలనొప్పి. నా బీపీ ఎప్పటిలాగే ఉంది.

ఫోనులో నేనేం చెప్పినా మీ చెవికి గుయ్యిమంటుంది కాబట్టి ఉత్తరం రాసి శ్రావణి సంచిలో పెడుతున్నాను. దాని ఆఫీసు మా వీధి చివరే కదా. ఒకే ఊళ్లో ఉండి ఉత్తరాలేమిటని పిల్లలు నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. బాచుపల్లికి రావాలంటే ఆ రింగు రోడ్డు, ఆ లారీలు. తలుచుకుంటేనే నాకు భయం.

ఇంక మీ తమ్ముడి సంగతి. దసరా ముందు కుడిచేయి పడిపోయినప్పటి నుంచి రబ్బరు బంతి పిసకమంటే విసుక్కునేవారు కదా. వేళ్లకు పని లేకపోతే చెయ్యి అలాగే ముడుచుకుపోతుందని డాక్టరు భయపెట్టాడు. దివ్య ఆలోచించి, పడవలు చేసే ఇంట్లో పుట్టిన మనిషి కదా అని, చెక్క ఓడ తయారుచేసే పెట్టె ఒకటి తెప్పించింది. మూరెడు పొడుగు ఓడ. వెన్నెముకలాంటి పొడవాటి చెక్క ఒకటి, దానికి పక్కటెముకల్లాగా అడ్డచెక్కలు. అవన్నీ నిలబెట్టారు. ఇప్పుడు వాటి మీద వేలెడు వెడల్పు కూడా లేని సన్నబద్దలు వంచి, జిగురు రాసి, పైనుంచి కిందికి వరసగా అతికించాలి. బద్దలు నీళ్లలో నానబెట్టి వంచుతారు. ముందువైపు వంపు దగ్గరికి రాగానే టక్కుమని విరుగుతాయి. పదకొండు విరగ్గొట్టారు.

అప్పుడు వచ్చిందండీ వాసంతి గారు. నాలుగో అంతస్తు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది, వరంగల్లు వాళ్లు, భర్త పోయి ఆరేళ్లు. లిఫ్టులో మీ తమ్ముడు ఓడ మాట ఎత్తారట, మర్నాటి నుంచి రోజూ మూడు గంటలకు తయారు. కూతురు జుట్టుకు రింగులు చేసుకునే వేడి కడ్డీ తెచ్చి, తడి బద్దని దాని మీద పెట్టి మెల్లగా వంచుతుంది. ఆవిడ వంచితే విరగదు. ఆ కడ్డీ తీగ నీళ్ల గిన్నె పక్కనే ఉంటుంది, షాకు కొడుతుందేమోనని నాకు గుండె దడ. అంతకుమించి ఏమీ లేదు. ఆవిడ రావడం మంచిదే.

మీ మరదలు,
పుణ్యవతి.


బాచుపల్లి,
మార్చి 14.

చిరంజీవి పుణ్యానికి అనసూయమ్మ ఆశీస్సులు.

కుట్లు ఆరాయి. శ్రీనివాసు షుగరు అలాగే ఉంది, స్వీట్లూ అలాగే ఉన్నాయి. నడుం గురించి అడిగావని మా కోడలికి చెప్పాను, సంతోషించింది. శ్రావణి కళ్ల కింద నలుపు కాటుకట.

తమ్ముడు బద్దలు వంచుతున్నాడంటే నాకు మన తాళ్లరేవు పడవల రేవు గుర్తొచ్చింది. మా నాన్న వాడిని చదువుకోమని తరిమేవాడు, పలక ముట్టనిచ్చేవాడు కాదు. పలక రెండో కొస పట్టుకునేది నేనే. కింద తాటాకు మంట, పైన తడిగుడ్డ, నాన్న ఇటు, నేను అటు. వాడు గట్టు మీద పుస్తకం పట్టుకుని మావైపే చూస్తూ ఉండేవాడు. డెబ్బై అయిదేళ్లకు వాడి కోరిక తీరుతోంది.

షాకు కొట్టే భయం సరే, ఇంకో మాట అడుగుతాను. ఆవిడ వచ్చేటప్పుడు నువ్వెక్కడ ఉంటున్నావు?

అనసూయ.


పుప్పాలగూడ,
మార్చి 27.

వదినగారికి,

మీరు క్షేమమని తలుస్తాను. మీరు అడిగినదానికి జవాబు: వంటింట్లో ఉంటున్నాను. ఇంకెక్కడ ఉంటాను? ఇద్దరికీ కాఫీ కలిపి ఇస్తున్నాను. ఆవిడకు చక్కెర వద్దట, మీ తమ్ముడు కూడా మానేశారు. నలభై ఎనిమిదేళ్లు నేను మొత్తుకుంటే మానలేదు.

బల్లకు అటొకరు ఇటొకరు. ఆయన పట్టుకుంటే ఆవిడ వంచుతుంది, ఆవిడ పట్టుకుంటే ఆయన జిగురు రాస్తారు, తర్వాత నా బట్టల క్లిప్పులన్నీ తీసుకుపోయి దానికి పెడతారు. చీరలు ఆరేయడానికి క్లిప్పులు లేవు. "సార్, జర లూజు వదలండి" అంటుంది. ఈయన "చిత్తం టీచరుగారూ" అంటారు. తలలు రెండూ ఆ ఓడ మీదికి వంచుకుని ఉంటే నాకు వాళ్ల నెత్తులు మాత్రమే కనబడతాయి. నేనూ పడతానని ఒకరోజు వెళ్లాను. నా చేతులు వణుకుతాయి కదా, బద్ద జారింది. "నువ్వు కాఫీ చూడు" అన్నారు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

అదంతా అలా ఉంచండి. మొన్న మీ నాన్నగారి కబురు చెబుతున్నారు ఆవిడకి. తాటాకు మంట, చేపనూనె, పడవను ఏట్లోకి దింపిన రోజు ఊరంతా తాడు లాగడం. నేను తలుపు పక్కన నిలబడి విన్నాను. ఒక్క ముక్క కూడా నాకు ఎప్పుడూ చెప్పలేదండీ. నాలుగో అంతస్తు నుంచి మొన్న దిగొచ్చిన మనిషికి చెప్పారు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. బీపీ చూపించుకుంటే నూట డెబ్బై.

ఇప్పుడు మీకొక్కరికే చెబుతున్న మాట, శ్రావణికి కూడా చెప్పవద్దు. సోమవారం పరీక్షలకని ఆయన్ను ఆసుపత్రిలో పెట్టారు, రెండు రోజులు. శ్యామ్ తోడున్నాడు. సాయంత్రం వాసంతి గారు వచ్చి, కొసలు సన్నం చేసిన బద్దలు ఇచ్చి వెళ్లింది. ఆవిడ వెళ్లగానే నాకు ఏదో పట్టుదల వచ్చింది. ఆ కడ్డీ అంటే నాకు భయం. ఇడ్లీ పాత్రలో నీళ్లు పోసి, బద్దల కొసలు లోపల పెట్టి మూత వేసి పావుగంట ఆవిరి పట్టాను. వదినగారూ, పనసాకులాగా వంగాయి. వేడివేడిగానే జిగురు రాసి అంటించి, చెయ్యి వణకకుండా మోచెయ్యి బల్లకు ఆనించుకున్నాను. ఒక్కటి కూడా విరగలేదు. గోడ వైపు ఉన్న పక్కన, వరసగా ఏడు బద్దలు పెట్టేశాను. ఆయన రాగానే నీరసంగా పడుకున్నారు, ఇంకా చూడలేదు. పాత తువ్వాలు కప్పి ఉంచాను. ఉగాది రోజు పచ్చడి పెట్టి, తువ్వాలు తీసి చూపిస్తాను. టీచరుగారు రోజుకి ఒకటో రెండో పెడుతుంది. నేను ఒక్క సాయంత్రం ఏడు పెట్టాను.

పుణ్యవతి.


బాచుపల్లి,
మార్చి 30, ఉగాది.

పుణ్యం,

నీ ఉత్తరాన్ని శ్రావణి మూడు రోజులు సంచిలోనే మరిచిపోయింది, ఇప్పుడే ఇచ్చింది. పండగ పూట ఇల్లంతా జనం, ఎవరూ ఆ వైపు వచ్చేవాళ్లు లేరు. రేపు పొద్దున్నే ఇది అందాలి.

ఆ ఏడూ తీసెయ్యి. పడవకు పలకలు ఎప్పుడూ కుడికొకటి ఎడమకొకటి వేస్తారు. ఒకేవైపు వేసుకుంటూ పోతే, ఆరేకొద్దీ అవి బిగిసి వెన్ను చెక్కను తమ వైపు లాగేస్తాయి. నువ్వు పచ్చి ఆవిరితో అంటించావు, ఇంకా ఎక్కువ లాగుతాయి. తమ్ముడు ఈ సంగతి ఎరుగును, ఆ టీచరూ ఎరుగును. నీకెవరూ చెప్పలేదు, నువ్వు అడగలేదు. ఈపాటికి తువ్వాలు తీసి ఉండకపోతే, తీయకముందే వాడికి చెప్పు.

అనసూయ.


పుప్పాలగూడ,
ఏప్రిల్ 8.

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. మీ మోకాలు, శ్రీనివాసు షుగరు, అందరూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ ఎండలు ముదిరాయి. శ్యామ్‌కి జలుబు.

ఓడ వంకరపోయింది. ముందునుంచి చూస్తే మూతి పక్కకు తిరిగిన మనిషిలాగా ఉంది. ఉగాది ముందురోజే మీ తమ్ముడు తువ్వాలు తీసి చూసుకున్నారు. ఎలా జరిగిందని అడిగారు. మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు వాసంతి గారు బద్దలు పట్టుకుని వచ్చారు అన్నాను. వచ్చిన మాట నిజమే కదా.

ఆయన వెంటనే ఆవిడకు ఫోను చేశారు. లెక్కలు చెప్పిన మనిషికి రెండు వైపులూ సరిసమానంగా ఉండాలని తెలియదా, నేను లేనప్పుడు ముట్టుకోవడం దేనికి అన్నారు. చాలా మాటలు అన్నారు. అవతల ఆవిడ "సరే సార్" అని పెట్టేసిందట. అప్పటినుంచి రావడం లేదు. మధ్యాహ్నం ఇల్లు నిశ్శబ్దంగా ఉంటోంది. క్లిప్పులు నా తాడు మీదికి తిరిగొచ్చాయి.

మీ తమ్ముడు ఓడను బీరువా మీద పెట్టేశారు. బంతి కూడా పిసకడం లేదు. నిన్న చొక్కా గుండీ పెట్టుకోలేక నన్ను పిలిచారు. పోయిన నెల తనే పెట్టుకునేవారు. చూపుడువేలు, మధ్యవేలు లోపలికి తిరుగుతున్నాయి. డాక్టరు దగ్గరికి రమ్మంటే రానంటారు. నాకు రోజూ దడగా ఉంటోంది.

ఇంతకన్నా విశేషాలు లేవు.

పుణ్యవతి.


బాచుపల్లి,
ఏప్రిల్ 13.

పుణ్యం,

నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకదానిలో ఏడు బద్దలు నువ్వు పెట్టావు. రెండోదానిలో ఎవరు పెట్టారో లేదు. నాకు చెవులు పోయాయి గాని కళ్లు బాగానే ఉన్నాయి.

ఆవిడ పెట్టిందని నువ్వు అనలేదు, అది నిజమే. వాడు అనుకునేలా వదిలేశావు. ఇప్పుడు వాడి వేళ్లు లోపలికి తిరుగుతున్నాయని నాకు రాస్తున్నావు. వేళ్లకు మందు ఆసుపత్రిలో లేదు, నీ నోట్లో ఉంది.

నిన్ను తిట్టడానికి నాకు అర్హత లేదు, అందుకే ఇది చెబుతున్నాను. నువ్వు కాపురానికి వచ్చిన ఏడాది తమ్ముడికి కాకినాడ పోర్టులో గుమాస్తా ఉద్యోగమొచ్చి వెళ్లాడు, నువ్వు మా ఇంట్లో ఉన్నావు. వాడు వారానికి ఒక ఉత్తరం రాసేవాడు, నీ పేరున. అంతకుముందు ఎక్కడికి వెళ్లినా నా పేరున రాసేవాడు. ఆ ఉత్తరాలు పోస్టుమాను నా చేతికిచ్చేవాడు. నాలుగైదు రోజులు బియ్యం డబ్బాలో అట్టేపెట్టి అప్పుడు నీకిచ్చేదాన్ని. నువ్వు గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తుంటే నాకు లోపల చల్లగా ఉండేది. రెండు ఉత్తరాలు అసలు ఇవ్వనే లేదు, ఎలుకలు కొట్టేశాయి. ఇన్నేళ్లూ చెప్పలేదు.

మా నాన్న సంగతులు నీకెందుకు చెప్పలేదని అడిగావు. పెళ్లైన మూడో రోజు నాన్న రేవు నుంచి వచ్చి నీ పక్కన కూర్చుంటే చేపనూనె వాసనకి నువ్వు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నావు. పదహారు నిండి ఏడాదో రెండేళ్లో, నీకు తెలియదు. నాన్న నవ్వి లేచిపోయాడు. తమ్ముడు చూశాడు. ఆ తర్వాత వాడు నీ దగ్గర రేవు మాట ఎత్తలేదు. నీకు ఇష్టం లేదనుకున్నాడు, అంతే.

ముందు ఆవిడకు చెప్పు, తర్వాత వాడికి. ఆ బద్దలు ఊడదీయడం కష్టం కాదు. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ ఒక్కో బద్ద మీద వేసి ఉంచు, జిగురు మెత్తబడి లేస్తుంది. వెన్ను చెక్కను చదునైన బల్లకు గట్టిగా కట్టి వారం వదిలేస్తే తిన్నగా వస్తుంది. పూర్తిగా రాకపోవచ్చు. మా నాన్న చేసిన పడవల్లో ఒకటీ అరా అలాగే ఏట్లోకి వెళ్లాయి.

అనసూయ.


పుప్పాలగూడ,
మే 4.

వదినగారికి,

మీరు దాచిన ఉత్తరాల సంగతి చదివి వారం రోజులు మీకు ఒక్క ముక్క రాయకూడదనుకున్నాను. ఆ ఏడాది మా అమ్మకు చెప్పుకుని ఏడ్చాను, ఆయనకు నామీద మనసు లేదని. మీరు పక్కనే కూర్చుని నాకు తల దువ్వేవారు. దువ్విన చేతులూ దాచిన చేతులూ ఒకటే కదా అని ఇప్పుడు కోపం వస్తోంది. ఆ రెండు ఉత్తరాల్లో ఏముందో నాకు ఎవరు చెబుతారు? ఆయన్ను అడిగితే గుర్తులేదన్నారు. ఎందుకు అడుగుతున్నావంటే, మీ పేరు చెప్పలేదు. అది మాత్రం నా మంచితనమని గుర్తుంచుకోండి.

మామగారి సంగతి చదివాక కోపం నిలవలేదు. నాకు ఆ కొంగు గుర్తు కూడా లేదు. గుర్తు లేకపోవడమే ఎక్కువ బాధగా ఉంది.

నాలుగో అంతస్తుకు వెళ్లాను. లిఫ్టులో మూడుసార్లు పైకీ కిందికీ తిరిగాను, వాచ్‌మన్ చంద్రయ్య "ఏమైందమ్మా, లిఫ్టు పరేషాన్ చేస్తుందా" అని అడిగాడు. వాసంతి గారు తలుపు తీసి కూర్చోమంది. నేను కూర్చోకుండానే చెప్పేశాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"నాకు ఎరుకే అమ్మా. ఫోను వచ్చినంక మీ ఇంటికొచ్చిన, మీరు గుడికి పోయిన్రు, సార్ పండుకున్నడు, దివ్య తలుపు తీసింది. బద్దలకు ఇడ్లీ రవ్వ అంటుకొని ఉండె" అంది.

మరి ఆయనకెందుకు చెప్పలేదండీ అన్నాను.

"నేను చెప్తే ఏం ఫాయిదా? సార్ మీ మీద గరమైతడు, అంతే గదా. మీరే చెప్పాలె. మీరు చెప్పిన రోజు నేనొస్త, అంతదాంక రాను."

వదినగారూ, ఆవిడ మీద నాకున్న కోపం అప్పుడు ఇంకా పెరిగింది. తిట్టిపోసినా బాగుండేది. అన్ని మాటలు పడి, తెలిసీ ఊరుకుందంటే, ఆవిడ నాకంటే మంచిదని కూడా ఒప్పుకోవాలి కదా. దారిపొడుగునా అదే కుళ్లు.

ఆ సాయంత్రమే ఆయనకు చెప్పాను. ఇడ్లీ పాత్ర, ఏడు బద్దలు, ఆవిడ పేరు చెప్పి ఊరుకోవడం, అంతా. మామగారి దగ్గర ముక్కు మూసుకున్నది కూడా చెప్పి, తెలియక చేశానన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నారు, గుండీలు పెట్టనివ్వలేదు, విప్పుకునే తిరిగారు. నేను రెండు పూటలా బీపీ చూపించుకున్నాను. ఇంటికి తాళం వేసి ఎటైనా పోదామా అనిపించింది, ఎటు పోతాను, ఆ రోడ్డు దాటాలన్నా భయమే.

మూడో రోజు కుర్చీ వేసుకుని బీరువా మీదినుంచి ఓడ దింపుతున్నారు. పడతారని పరిగెత్తి కుర్చీ పట్టుకున్నాను. దింపి బల్ల మీద పెట్టి, ఆ ఏడు బద్దల మీద చాలాసేపు వేలితో తడిమారు.

"ఏడూ నువ్వే వంచావా?"

అవునండీ అన్నాను.

"ఒక్కటి కూడా విరగలేదే" అన్నారు.

అంతే. తర్వాత పైకి వెళ్లి వాసంతి గారికి క్షమాపణ చెప్పి తీసుకొచ్చారు. నేను వేడినీళ్ల గుడ్డలు పిండి ఇస్తుంటే ఆవిడ వేసింది, ఆయన చాకు దూర్చి లేపారు. సాయంత్రానికి ఏడూ ఊడాయి. వెన్నుచెక్కను నా పొడుగాటి చపాతీ బల్లకు కట్టి వారం ఉంచాం. ముక్కాలు భాగం తిన్నగా వచ్చింది. కొద్దిగా ఎడమకి వాలు ఉంది, తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

ఇప్పుడు ఆవిరి పట్టడం నా పని. కడ్డీని ఆవిడ పట్టుకుపోయింది. కుడికొకటి, ఎడమకొకటి. నేను వంచి ఇస్తే ఆయన పెడతారు, ఆవిడ కొలుస్తుంది. ఆయన వేళ్లు మళ్లీ కొంచెం తెరుచుకుంటున్నాయి.

పుణ్యవతి.


బాచుపల్లి,
మే 18.

పుణ్యం,

నీ కోపం నాకు చెందవలసిందే, ఉంచుకో. నాకు ఒక్కటే అడగాలని ఉంది. మూసే పలక ఇంకా పెట్టలేదు కదా? రెండు వైపుల నుంచీ వేసుకొచ్చాక చివరికి మిగిలే సందులో కొలిచి దూర్చే పలక. మా నాన్న ఎప్పుడూ అది పెట్టేటప్పుడు నన్ను పిలిచేవాడు. డాక్టరు నన్ను ఇక కారెక్కవచ్చన్నాడు. నువ్వు రమ్మంటే వస్తాను. వద్దంటే ఊరుకుంటాను.

అనసూయ.


పుప్పాలగూడ,
మే 25.

వదినగారికి,

మీరు రాకపోతే ఎలా? మీ తమ్ముడు మీ ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని చదివారు. పాత ఉత్తరాల సంగతి ఉన్న కాగితం మాత్రం నా పెట్టెలో అడుగున ఉంది, భయపడకండి. ఇద్దరం ముసలివాళ్లమయ్యాం, ఆయన ముందు మిమ్మల్ని తక్కువ చేసి నాకేం వస్తుంది. మనిద్దరి మధ్య ఎలాగూ ఉంటుంది, అది వేరే సంగతి.

మూసే బద్దలు రెండు ఉన్నాయి, అటొకటి ఇటొకటి. ఆపి ఉంచాను. వాసంతి గారు తొందరపడుతోంది, బడి పిల్లలకు పరీక్షలు పెట్టినట్టు. మా వదినగారు వచ్చేదాకా ఆగాలని గట్టిగా చెప్పాను. ఆవిడ "ఆగుదాం అమ్మా" అంది. ఆవిడ ఇంకా రోజూ వస్తోంది. ఇప్పటికీ ఆయన్ను ఎన్నిసార్లు నవ్వించిందో నేను లెక్కపెడుతూనే ఉన్నాను. నిన్న నాలుగు. నేను రెండు. ఈ బుద్ధి పోయిందని మీకు అబద్ధం రాయలేను.

కాబట్టి ఒక మాట. మీరు వచ్చాక ఆవిడ మిమ్మల్ని పడవల సంగతులు అడుగుతుంది, మీరు చెబుతారు, మీ ఇద్దరికీ బాగా కలుస్తుంది, నాకు తెలుసు. కలవనివ్వండి. కాని బల్ల దగ్గర కూర్చునేటప్పుడు నా పక్కన కూర్చోండి. ఆవిడ పక్కన వద్దు.

కారు ముందు సీటులో కూర్చోండి, బెల్టు పెట్టుకోండి, రింగు రోడ్డు మీద మెల్లగా పోనివ్వమని శ్రీనివాసుకి చెప్పండి. మోకాలి కింద దిండు. మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి, డిక్కీలో కాదు. దిగే ముందు శ్రావణి చేత శ్యామ్‌కి ఫోను చేయించండి, నేను గేటు దగ్గర ఉంటాను. మీకని కారం తక్కువ వేసి వండుతాను.

శ్యామ్‌కి, దివ్యకి, మీ శ్రీనివాసుకి, అందరికీ సెలవు కుదిరే రోజు చూశాం. జూన్ ఎనిమిదో తారీకు, ఆదివారం, పొద్దున్న తొమ్మిదికి.

పుణ్యవతి.